నాన్న కన్న కూతుర్ని కాదని తెలిసింది. ఇప్పుడు నేనెవరిని?

ఈసారి ఉత్తరం డల్లాస్ దగ్గర ఉంటున్న ఒక పాఠకురాలిది. వయసు 38. పుట్టి పెరిగింది తెనాలి దగ్గర పల్లెలో. చాలా పొడవైన ఉత్తరం. పేర్లు, ఆనవాళ్లు తీసేసి సారాంశం మాత్రం ఇక్కడ ఇస్తున్నాను.

కిందటి దీపావళికి భర్త ఆవిడకు ఒక డీఎన్ఏ కిట్ కొనిచ్చారు. మన పూర్వీకులు ఎక్కడివాళ్లో చూద్దామన్న సరదా తప్ప మరో ఆలోచన లేదు. గొట్టంలో ఉమ్మి పోస్టులో పంపారు. కొన్ని వారాలకు రిపోర్టు వచ్చింది. అందులో బంధువుల జాబితాలో అందరికంటే పైన మెల్‌బోర్న్‌లో ఉండే ఒకాయన పేరు ఉంది. ఇద్దరికీ 26 శాతం డీఎన్ఏ కలిసింది, సవతి సోదరుడు కావచ్చు అని రాసి ఉంది. కంపెనీ పొరపాటు పడిందనుకున్నారు. ఇంతలో ఆయనే మెసేజ్ పెట్టాడు. తను 1985లో గుంటూరులో, దాత వీర్యంతో పుట్టానని, ఆ సంగతి తల్లే తనకు ఇరవయ్యో ఏట చెప్పిందని, మీ అమ్మగారు కూడా అదే ఆసుపత్రికి వెళ్లారేమో వీలైతే కనుక్కోమని రాశాడు.

ఆవిడ అమ్మకు ఫోన్ చేశారు. అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ఏడ్చింది. పెళ్లయిన ఎనిమిదేళ్ల దాకా పిల్లలు లేరట. ఊరంతా అమ్మనే గొడ్రాలన్నారట. లోపం నాన్నలో ఉందని, ఆయనకు పిల్లలు పుట్టరని పరీక్షల్లో తేలిందట. ఈ సంగతి తెలియని నాయనమ్మ కొడుక్కి రెండో పెళ్లి చేస్తానని పట్టుబడితే నాన్న ససేమిరా అన్నారట. ఇద్దరూ కలిసే ఆసుపత్రికి వెళ్లారు. ఎవరికీ చెప్పొద్దని, పుట్టే బిడ్డకు కూడా చెప్పొద్దని డాక్టరు గట్టిగా చెప్పారు. తర్వాత నాలుగేళ్లకు తమ్ముడు కూడా అలాగే పుట్టాడు. ఇదంతా చెప్పి అమ్మ అన్న చివరి మాట: "నీకు తెలిసిందని మీ నాన్నకు తెలియకూడదు. ఆయన గుండె తట్టుకోదు. నా మీద ఒట్టు."

నాన్నకు 72 ఏళ్లు. జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యారు. 49 ఏళ్లకే బైపాస్ అయింది. అమ్మానాన్నలది మేనరికం, నాన్న అమ్మకు సొంత మేనత్త కొడుకు.

ఉత్తరంలో ఒక భాగాన్ని ఆవిడ మాటల్లోనే ఇస్తాను. "నాకు నాయనమ్మ ముక్కు వచ్చిందని చిన్నప్పటి నుంచీ అందరూ అంటారు. లెక్కలు నాన్న నుంచి వచ్చాయని నేనే గర్వంగా చెప్పుకున్నాను. నా పెళ్లిలో ప్రవర చదివారు. ఫలానా వారి మునిమనవరాలు, ఫలానా వారి మనవరాలు, ఫలానా వారి కూతురు అని అందరి ముందూ మూడు తరాలు చెప్పారు. అదంతా అబద్ధమేనా? అద్దంలో నా ముఖం చూసుకుంటే అందులో సగం ఎవరిదో తెలియడం లేదు. ఆ మెల్‌బోర్న్ ఆయన ఫోటో పంపాడు. గడ్డం కింద నాకున్న గుంటే ఆయనకీ ఉంది. చాలాసేపు చూస్తూ ఉండిపోయాను. తర్వాత నాన్నకు ద్రోహం చేసినట్టు అనిపించి ఫోన్ పక్కన పడేశాను."

నాన్నకు చెప్పాలా, తమ్ముడికి చెప్పాలా, ఆ అన్నకు జవాబు ఇవ్వాలా, తొమ్మిదేళ్ల కొడుక్కి, ఆరేళ్ల కూతురికి ఏం చెప్పాలి, ఇది బయటపడితే పెదనాన్న కొడుకులు పొలం మీద గొడవ పెడతారా అని అడిగారు. నిద్ర పట్టడం లేదని, ఆఫీసు పని సాగడం లేదని కూడా రాశారు.

సమాధానం:

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. అందులో రెండు బాధలు ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఉన్నాయి. ఒకటి, మీ శరీరంలో సగం ఎవరి నుంచి వచ్చిందో తెలియకపోవడం. రెండోది, మీ గురించిన ఇంత పెద్ద సంగతి మీకు తప్ప ఇంట్లో పెద్దవాళ్లిద్దరికీ తెలిసి ఉండడం. ముందు ఈ రెండిటినీ విడదీసి చూడండి. మీకు పదేళ్లప్పుడు నాన్నే పక్కన కూర్చోబెట్టుకుని "అమ్మా, నువ్వు ఇలా పుట్టావు" అని చెప్పి ఉంటే, ఇవాళ ఈ రిపోర్టు చూసి ఇంతగా కూలిపోయేవారా? మీ ఉత్తరంలోనే దీనికి కొంత జవాబుంది. ఆ మెల్‌బోర్న్ ఆయనదీ మీలాంటి పుట్టుకే. ఆయనకు తల్లి ముందే చెప్పింది. ఆయన మెసేజ్ ఎంత స్థిమితంగా ఉందో మీరే రాశారు. మిమ్మల్ని ఎక్కువగా గాయపరిచింది దాచిపెట్టడమేనని నాకు అనిపిస్తోంది. మీరు ఎవరన్నది కదిలిపోలేదు. అమ్మానాన్నల మీద మీకున్న నమ్మకం కదిలింది. నమ్మకాన్ని మాట్లాడుకుని బాగుచేసుకోవచ్చు.

అలాగని మొదటి బాధ చిన్నదనడం లేదు. "కన్నవాళ్లకంటే పెంచినవాళ్లే గొప్ప, మర్చిపో" అనేవాళ్లు మీకు చాలామంది దొరుకుతారు. నేను ఆ మాట అనను. తన మూలం తెలుసుకోవాలనుకోవడం కృతఘ్నత కాదు. పుట్టిన వంశం తెలియకుండా పెరిగిన పిల్లలు పడే తికమక గురించి బ్రిటన్‌లో హెచ్.జె. శాంట్స్ అనే పరిశోధకుడు 1964లోనే రాశారు. దాత ద్వారా పుట్టినవాళ్లు పెద్దయ్యాక ఆ దాత ఎవరో తెలుసుకునే హక్కును స్వీడన్‌లో 1985లో అమల్లోకి వచ్చిన చట్టం ఇచ్చింది. బ్రిటన్ 2005 ఏప్రిల్ నుంచి అజ్ఞాత దాతల పద్ధతినే ఆపేసింది. మన దేశంలో 2021లో వచ్చిన కృత్రిమ గర్భధారణ చట్టం మాత్రం దాత వివరాలను గోప్యంగానే ఉంచుతోంది. మీరు పుట్టిన రోజుల్లో అయితే ఏ చట్టమూ లేదు. ఎన్నోచోట్ల వైద్య విద్యార్థులే దాతలు, రికార్డు అన్న మాటే ఉండేది కాదు. కాబట్టి ఆ వ్యక్తి ఎవరో ఆసుపత్రి ద్వారా తెలిసే అవకాశం చాలా తక్కువ. ముందు ముందు డీఎన్ఏ జాబితాలో అతని దగ్గరి బంధువు ఎవరైనా కనిపిస్తే తెలియవచ్చు, ఎప్పటికీ తెలియకపోనూవచ్చు. ఆ ఖాళీ కోసం దుఃఖపడే హక్కు మీకుంది.

ఇప్పుడు ముక్కు సంగతి. మీ నాన్నగారు మీ అమ్మగారికి సొంత మేనత్త కొడుకు అన్నారు. అంటే మీ నాయనమ్మ మీ అమ్మగారి నాన్నకు తోబుట్టువు. దాత ఎవరైనా కానివ్వండి, అమ్మ వైపు నుంచి మీరు ఆవిడకు రక్తసంబంధీకులే. తాతయ్య తోబుట్టువుతో మనకు సగటున ఎనిమిదో వంతు, అంటే 12.5 శాతం డీఎన్ఏ కలుస్తుంది. మీ ముక్కు నిజంగానే ఆ ఇంటిది కావచ్చు, కాకపోతే అది తాతయ్య మీదుగా, అమ్మ మీదుగా మీ దాకా వచ్చింది. నాన్నగారితో కూడా మీకు సగటున 6 శాతం దాకా కలుస్తుంది, ఆయన అమ్మకు బావ కాబట్టి. మేనరికాలున్న మన కుటుంబాల్లో ఇది మామూలే. అందుకే ఈ కిట్ల రిపోర్టులు మన దగ్గర కొన్నిసార్లు తికమక పెడతాయి. తల్లిదండ్రులు ఒకరికొకరు చుట్టాలు కారన్న లెక్క మీద అవి బంధుత్వం అంచనా వేస్తాయి. మేనరికం ఉంటే దూరపు చుట్టం కూడా దగ్గరివాడిలా కనిపిస్తాడు. పైగా 25 శాతం చుట్టుపక్కల కలిస్తే సవతి సోదరుడు కావచ్చు, మేనమామ కావచ్చు, తాత కూడా కావచ్చు. ఆ అంకె ఒక్కదాన్ని చూసే ఎవరూ నిర్ణయానికి రాకూడదు. మీ విషయంలో అమ్మే చెప్పారు కాబట్టి అనుమానం లేదు.

అయితే ఆ 12.5, ఆ 6 అంకెలను ఊతకర్రలా పట్టుకోవద్దు. మీ అమ్మానాన్నలు ఏ చుట్టరికం లేని రెండు ఊళ్లవాళ్లై ఉంటే, ఆయన మీకు అంతమేర తక్కువ నాన్న అయ్యేవారా? మీ తమ్ముడు, మీరు ఒకే దాతకు పుట్టారో వేర్వేరు దాతలకు పుట్టారో ఇప్పుడు తెలియదు. వేర్వేరు అని తేలితే మీ మధ్య అనుబంధం సగమైపోతుందా? అలా అంకెలతో కొలవడం మొదలుపెడితే ఎక్కడా తేలదు.

లెక్కలు నాన్న నుంచే వచ్చాయని మీరు చెప్పుకున్నదాంట్లో పెద్దగా దిద్దుకోవాల్సిందేమీ లేదు. ఎత్తు లాంటి, టేపుతో కొలిచి చూపించగల లక్షణాన్నే తీసుకోండి. 2022లో 50 లక్షలకు పైగా మంది డీఎన్ఏని కలిపి చూసిన అధ్యయనంలో, ఎత్తుతో సంబంధం ఉన్న తేడాలు 12 వేలకు పైగా తేలాయి. ఒక్కొక్కదాని ప్రభావం అతి స్వల్పం. లెక్కలంటే ఇష్టం, తప్పు వస్తే మళ్లీ చేసే ఓపిక, బోర్డు ముందు నిలబడితే భయం లేకపోవడం, ఇవి ఇంకెంత చిక్కుముడిగా ఉంటాయో ఊహించండి. బహుశా పుట్టుకతో కొంత మొగ్గు వచ్చి ఉంటుంది, అమ్మ నుంచో ఆ దాత నుంచో. రోజూ సాయంత్రం అరుగు మీద మీ పలక పట్టుకుని కూర్చున్నది మాత్రం నాన్నే అని మీరే రాశారు. ఒకే అండం నుంచి పుట్టిన కవలలను చూడండి. డీఎన్ఏ ఇద్దరిదీ ఒకటే. వేలిముద్రలు మాత్రం వేరు, ఇష్టాలు వేరు, బతుకులు వేరు. జన్యువులే మనిషైతే వాళ్లిద్దరూ ఒక్కరే అయి ఉండాలి.

ప్రవర గురించి మీరు అడిగింది నన్ను అన్నిటికంటే ఎక్కువగా ఆలోచింపజేసింది. పెళ్లిలో చదివింది అబద్ధం కాదని నేను గట్టిగా నమ్ముతున్నాను. అది మీ మనసు కుదుటపడాలని అంటున్న మాట కాదు. మన సంప్రదాయంలో దత్తత ఎప్పటి నుంచో ఉంది. దత్తుడు పెంచిన తండ్రి గోత్రమే చెప్పుకుంటాడు, ఆ ఇంటి పెద్దలకే పిండం పెడతాడు. 1956 నాటి హిందూ దత్తత చట్టం కూడా, దత్తత జరిగిన రోజు నుంచి ఆ బిడ్డ అన్ని విధాలా ఆ ఇంటి బిడ్డే అంటుంది. అదే చట్టం ఇంకో మాట కూడా అంటుంది. పుట్టిన కుటుంబంలో ఎవరిని పెళ్లి చేసుకోకూడదో, దత్తత తర్వాత కూడా వాళ్లను చేసుకోకూడదు. తన బిడ్డ అని ఒప్పుకుంటే వంశం ఏర్పడుతుందని మన పెద్దలకు తెలుసు. ఒంట్లో ఉన్న చుట్టరికం అంతమాత్రాన చెరిగిపోదనీ తెలుసు. రెండిటికీ చోటిచ్చారు. మీది దత్తత కాదు, అమ్మ మిమ్మల్ని కన్నది. కానీ నాన్న మీరు కడుపులో పడకముందే, అన్నీ తెలిసి, "ఈ బిడ్డ నా బిడ్డ" అని ఒప్పుకున్నారు. పీటల మీద కూర్చుని మిమ్మల్ని కన్యాదానం చేసినప్పుడు ఆయనకు అంతా తెలుసు. తెలిసే ఆ మూడు తరాల పేర్లు చదివించారు.

జన్యువుల లెక్కన చూసినా వంశవృక్షం, డీఎన్ఏ ఒకటి కావు. పది తరాలు వెనక్కి వెళితే ప్రతి ఒక్కరికీ 1024 మంది పూర్వీకుల స్థానాలుంటాయి. వాళ్లలో చాలామంది నుంచి మన ఒంట్లోకి ఒక్క ముక్క డీఎన్ఏ కూడా చేరదు. వాళ్లు మన పెద్దలు కాకపోతారా?

ఇక నాన్నకు చెప్పడం. మీ ముందు మూడు దారులున్నాయి.

అమ్మ అడిగినట్టు ఏమీ చెప్పకుండా ఉండిపోవచ్చు. నాన్న ప్రశాంతత అలాగే ఉంటుంది, కనీసం పైకి. కానీ ఈ మధ్య నాన్నతో ఫోన్ మాట్లాడలేక పిల్లలకు ఇచ్చేస్తున్నానని మీరే రాశారు. ఆయన లెక్కల మాస్టారు, మారింది ఏమిటో ఈపాటికే గమనించి ఉంటారు. కారణం తెలియక, కూతురికి తన మీద కోపం వచ్చిందేమో అనుకుంటూ ఉండొచ్చు. ఇంకో చిక్కు కూడా ఉంది. ఈ కిట్లు అమెరికాలో, ఆస్ట్రేలియాలో మనవాళ్ల ఇళ్లలో మామూలైపోయాయి. రేపు తమ్ముడో, పెదనాన్న మనవడో చేయించుకోవచ్చు. అప్పుడు ఈ సంగతి నాన్నకు బయటివాళ్ల నోటి నుంచి చేరుతుంది. మీ నోటి నుంచి వినడం కంటే అది ఎంతో కష్టం. అయినా ఈ దారి ఎంచుకునే కూతుళ్లున్నారు, వాళ్లను నేను తప్పుపట్టను. ఎంచుకుంటే మాత్రం భయంతో కాక, ఇష్టంతో ఎంచుకోండి. మనసు విప్పి చెప్పుకోవడానికి భర్తో కౌన్సెలరో ఒకరు తోడుండాలి.

రెండోది, మీరే నాన్నకు చెప్పడం. అలా అనుకుంటే వీడియో కాల్‌లో వద్దు. ఇండియా వెళ్లినప్పుడు, పండగ హడావుడి లేని రోజు చూసుకుని, ఇద్దరే ఉన్నప్పుడు మాట్లాడండి. అమ్మకు ముందే చెప్పాలి, లేకపోతే ఒట్టు తీసి గట్టున పెట్టిందని ఆవిడ కుమిలిపోతారు. మొదటి మాట రిపోర్టు గురించి కాకూడదు. "నాన్నా, నాకు తెలిసింది. నువ్వే మా నాన్నవి. నాకు నీతో మాట్లాడాలని ఉంది" అంటే చాలు. ఆయన ఏడవచ్చు, లేచి వెళ్లిపోవచ్చు, రెండు రోజులు మాట్లాడకపోవచ్చు. తేలికపడనూవచ్చు. ఆ తరం మగవాడికి పిల్లలు పుట్టకపోవడం ఎంత అవమానమో మీకు తెలుసు. ఆ అవమానం ఊళ్లో అమ్మ మీద పడుతుంటే చూస్తూ, బయటికి చెప్పలేక, లోపల ఆయన ఎంత నలిగి ఉంటారో! అందరిలాగా రెండో పెళ్లి చేసుకుని లోపం భార్యదేనన్నట్టు తప్పుకోవచ్చు, ఆయన అలా చేయలేదు. ఆ మాట మీ నోటి నుంచి వినడం ఆయనకు ఎంత అవసరమో ఆలోచించండి. గుండె గురించి అమ్మ భయం సహజమే, కానీ బైపాస్ అయి ఇరవై ఏళ్లు దాటి బాగానే ఉన్న మనిషి ఒక కష్టమైన మాట వినలేడని ముందే తీర్మానించకూడదు. ఇటీవల ఆయన ఆరోగ్యం ఎలా ఉందో డాక్టరును అడిగి తెలుసుకుంటే మీకూ ధైర్యంగా ఉంటుంది.

మూడోది, అమ్మే నాన్నకు చెప్పడం. "పిల్లకు తెలిసింది, దానికి నీ మీద కోపం లేదు" అని. ఈ రహస్యం వాళ్లిద్దరిదీ. నలభై ఏళ్లుగా ఇద్దరూ కలిసి మోశారు. దించే వీలు కూడా ముందు వాళ్లకే ఇస్తే బాగుంటుందని నా ఉద్దేశం. నాన్నకు మీ ముందు తలెత్తలేని క్షణం రాదు, ఒంటరిగా తట్టుకునే సమయం దొరుకుతుంది. తర్వాత మీతో మాట్లాడాలా, ఎప్పుడు మాట్లాడాలన్నది ఆయన చేతిలో ఉంటుంది. ఇందులో ఇబ్బంది ఏమిటంటే, అమ్మ వాయిదా వేస్తూ పోవచ్చు. అందుకే ఫలానా పండగ లోపల అని ఇద్దరూ ఒక గడువు అనుకోండి. అమ్మ వేయించుకున్న ఒట్టు గురించి భయపడకండి. "అమ్మా, నేను నీ మాట దాటను, కానీ నువ్వే మనసు మార్చుకోవాలి" అని అడగడంలో తప్పేమీ లేదు. ఒకటికి నాలుగుసార్లు అడగాల్సి వస్తుంది. అలా అడిగేటప్పుడు, గొడ్రాలన్న మాట పడినా భర్త గుట్టు విప్పని అమ్మ గురించి కూడా మీ మనసులో కాస్త చోటుంచుకోండి. ఆవిడకు ఇప్పటి దాకా ఎవరూ ఆ మాట అని ఉండరు.

తమ్ముడి విషయంలో నేను కొంచెం గట్టిగానే చెబుతాను. ఇది అతని పుట్టుక కూడా. మీకు తెలిసి, అతనికి తెలియకుండా ఏళ్లు గడిస్తే, అమ్మానాన్నలు మీకు చేసిందే మీరు అతనికి చేసినట్టవుతుంది. అమ్మానాన్నలే చెబితే మంచిది. చెప్పరని తేలితే మీరు చెప్పాల్సి వస్తుంది, అది మీ హద్దు దాటడం కాదు. కానీ చెప్పకుండా సరదాగా అన్నట్టు అతనికో కిట్ పంపి, ఒకే దాతో కాదో తేల్చుకుందామనుకోవద్దు. మీకు జరిగిందే అతనికీ జరుగుతుంది.

పిల్లల సంగతి వీటన్నిటి తర్వాత. ఇలాంటివి పిల్లలకు చిన్నప్పుడే మామూలు మాటల్లో చెప్పడం మేలని ఈ రంగంలో పనిచేసేవాళ్లు చాలామంది అంటారు, నేనూ ఒప్పుకుంటాను. కానీ తాతయ్యకు తెలియకుండా వాళ్లకు చెబితే, "తాతయ్యతో అనకూడదు" అని కూడా చెప్పాలి. ఆరేళ్ల పాప మీద ఆ బరువు పెట్టకండి.

పొలం గురించి ఎక్కువ టెన్షన్ పడొద్దు. చట్టబద్ధమైన పెళ్లిలో, భార్యాభర్తలు కలిసి ఉన్న కాలంలో పుట్టిన బిడ్డ ఆ భర్త బిడ్డేనని 1872 నాటి సాక్ష్యాధారాల చట్టం 112వ సెక్షన్ చెప్పింది. 2024 జులై నుంచి అమల్లోకి వచ్చిన కొత్త చట్టం, భారతీయ సాక్ష్య అధినియంలో అదే మాట 116వ సెక్షన్‌గా ఉంది. ఎవరో అడిగారని పిల్లలకు డీఎన్ఏ పరీక్షలు ఆదేశించకూడదని సుప్రీంకోర్టు 2023లో, మళ్లీ 2025లో కూడా చెప్పింది. 2014లో ఒక కేసులో మాత్రం చట్టం చేసే ఊహ కంటే డీఎన్ఏ ఫలితానికే విలువిచ్చింది. కాబట్టి గొడవకు అసలు తావే లేదని అనను. ఆ పొలం నాన్న తన జీతంతో కొన్నదే అయితే, రిజిస్టర్డ్ వీలునామా రాయిస్తే పెదనాన్న కొడుకులకు మాట్లాడే అవకాశం దాదాపు ఉండదు. పిత్రార్జితమైతే తెనాలిలోనో గుంటూరులోనో ఒక మంచి సివిల్ లాయరును కలిసి అడగండి. ఎలాగూ ఏ ఇంట్లోనైనా ఈ వయసులో చేసి పెట్టుకోవాల్సిన పనే.

ఆరోగ్యం గురించి మీరు అడగలేదు, కానీ తక్షణం చేయాల్సింది అదే. నాన్నకు చిన్న వయసులో బైపాస్ అయిందని మీరు ఏటా గుండె పరీక్షలు చేయించుకుంటున్నారు. మీ డాక్టరుకు ఇప్పుడు "తండ్రి వైపు వైద్య చరిత్ర తెలియదు" అని చెప్పండి. ఆ గండం నాకు లేదని మందులు, పరీక్షలు మీ అంతట మీరే ఆపేయకండి. అమ్మ వైపు ఎలాగూ ఉంది, నాన్నది కూడా కొంత ఆ ఇంటి రక్తమే, పైగా మన దక్షిణాసియా వాళ్లకు గుండె జబ్బు ముప్పు మామూలుగానే ఎక్కువ. చాలావరకు పుట్టుకతోనే నిర్ణయమయ్యే లైపోప్రొటీన్-ఏ అనే కొవ్వు పరీక్ష ఒకటుంది, ఇప్పటిదాకా చేయించుకోకపోతే అడగండి. అమెరికాలో 2008 నాటి జినా చట్టం ప్రకారం జన్యు సమాచారాన్ని బట్టి ఉద్యోగంలో, ఆరోగ్య బీమాలో వివక్ష చూపకూడదు. జీవిత బీమాకు ఆ రక్షణ వర్తించదని మాత్రం గుర్తుంచుకోండి.

కిట్ కంపెనీ ఖాతాలో బంధువులకు కనిపించకుండా ఉండే సెట్టింగ్ ఉంటుంది, కావాలంటే సమాచారం మొత్తం చెరిపేయమనవచ్చు. ఈ రంగంలో పెద్దదైన ట్వంటీత్రీ అండ్ మీ నుంచి 2023లో దాదాపు 69 లక్షల మంది వివరాలు బయటికి పొక్కాయి. ఆ కంపెనీ 2025 మార్చిలో దివాలా పిటిషన్ కూడా వేసింది. కాబట్టి చెరిపేయడం గురించి ఆలోచించడంలో అర్థం ఉంది. కాకపోతే చెరిపేస్తే, రేపు దాత వైపు నుంచి ఎవరైనా వెతుక్కుంటూ వచ్చినా మీకు తెలియదు. నాన్న, తమ్ముడి సంగతి తేలేదాకా కనిపించకుండా పెట్టుకుని, శాశ్వత నిర్ణయం తర్వాత తీసుకోవచ్చు.

నిద్ర లేకపోవడం ఇన్ని నెలలుగా సాగుతోందంటే ఒంటరిగా తట్టుకోవాలని చూడకండి. మీరున్న చోట జెనెటిక్ కౌన్సెలర్లు ఉంటారు, రిపోర్టు అర్థం చేయించడం వాళ్ల పని. మనసు సంగతికి విడిగా ఒక థెరపిస్టు కావాలి. తెలుగులో మాట్లాడేవాళ్లు ఆన్‌లైన్‌లో దొరుకుతారు. ప్రవర అంటే ఏమిటో, రెండో పెళ్లి ఒత్తిడి అంటే ఏమిటో మొదటి నుంచీ వివరించాల్సిన పని తప్పుతుంది.

చివరగా ఆ మెల్‌బోర్న్ అన్న. ఫోటో చూస్తూ ఉండిపోవడం నాన్నకు ద్రోహం కాదు. ఆయన ముఖంలో మీరు మీ గడ్డం చూసుకున్నారు, నాన్నకు బదులు ఇంకో నాన్నను వెతుక్కోలేదు. ఆయనతో బంధం పెంచుకోవాల్సిన బాధ్యత లేదు, కాదనాల్సిన అవసరమూ లేదు. జవాబే ఇవ్వకపోతే ఆయన మళ్లీ మళ్లీ రాయవచ్చు, లేదా అమ్మ పేరు పట్టుకుని వేరే దారిలో వెతకవచ్చు. ఒక హద్దు గీసి జవాబివ్వడమే మేలని నాకు అనిపిస్తోంది. ఇప్పుడు ఒక దాత వీర్యాన్ని ఒక్క జంటకే ఇవ్వాలని చట్టం ఉంది, ఆ రోజుల్లో అలాంటి కట్టడి లేదు. ఇంకొందరు తోబుట్టువులు బయటపడే అవకాశం ఉంది, వాళ్లందరితో ఎలా ఉండాలన్నది ఇప్పుడే తేల్చుకోనక్కర్లేదు. ఆయనకు ఈ మాత్రం రాస్తే సరిపోతుంది:

"మీ మెసేజ్ చదివాను. మీరు అనుకున్నది నిజమే, అమ్మను అడిగాను. నాకు ఇది ఇప్పుడే తెలిసింది, ఇంట్లో ఇంకా అందరికీ తెలియదు. దయచేసి మా అమ్మానాన్నలను గాని, మా చుట్టాలను గాని సంప్రదించకండి, నా గురించి ఇంకెవరికీ చెప్పకండి. మీకు బీపీ, షుగర్, గుండె సమస్యలు ఏమైనా ఉంటే నాకు తెలపగలరా? నా వివరాలు కూడా పంపుతాను. మిగతా మాటలకు నాకు కొంత సమయం కావాలి. మీరు మర్యాదగా రాసిన తీరు నాకు ధైర్యాన్నిచ్చింది."